లగేజీ డబ్బాలో నామస్మరణ

పోయిన నెలలో ఎల్లయ్య మామ కొడుకు ఫోన్ చేశాడు. కామాటిపురలో మేం పుట్టి పెరిగిన, గదికొక కుటుంబం ఉండే చాల్‌ను కూల్చి పెద్ద బిల్డింగు కడతారట. భజన మండలి గది ఖాళీ చేస్తుంటే అటక మీద నా చేతిరాతతో ఒక కాగితం దొరికిందట. "అక్కా, పారెయ్యాలెనా, ఉంచాలెనా? నువ్వొచ్చి చూస్కో" అన్నాడు. ఆదివారం వెళ్ళి చూశాను. రూళ్ళ కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. పైన పెద్ద అక్షరాలతో "సప్తాహం వీణ వంతులు", కింద అష్టమి, నవమి, దశమి, ఏకాదశి అని గళ్ళు, గళ్ళలో గంటలు, పేర్లు. ఎక్కడా తారీఖు లేదు. ఆ లేని తారీఖు నన్ను ఇంజనీర్ కాకుండా ఆపబోయింది. గదిలో ఆ కాగితం పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే, ఎల్లయ్య మామ కొడుకు కొంచెం భయపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఇప్పుడు నా కింద నలభై మంది ఇంజనీర్లు పనిచేస్తారు. కంపెనీ సర్వర్లు పగలూ రాత్రీ ఆగకుండా చూడటం మా పని. కొత్తగా చేరిన పిల్లలు ఏదో ఒక రోజు టీ దగ్గర అడుగుతారు, "మేడమ్, మీరు ఈ లైన్లోకి ఎలా వచ్చారు?" అని. చిన్నప్పటి నుండి లెక్కలంటే ఇష్టం అని చెప్పి తప్పించుకుంటాను. అది అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు. లెక్కలు వచ్చినవాళ్ళు మా గల్లీలో చాలామందే ఉన్నారు. నన్ను ఇందులోకి తెచ్చింది పాండురంగడు. ఆయనకు ఆ రోజు సాయం పట్టినవాళ్ళు మా తాత, ఒక డోలక్, కొన్ని చేపల గంపలు, ఒక గుమాస్తా.

మా తాత మల్లయ్య మేస్త్రీ. పాలమూరు నుండి పన్నెండేళ్ళకు వచ్చి, ఈ ఊళ్ళో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే తెలియదు. మా గది పది అడుగులు ఉంటుందేమో, అందులో ఆరుగురం. తెల్లవారకముందే నల్లా దగ్గర బిందెల చప్పుడు, స్టవ్ కిరసనాయిలు వాసన, అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడు, వీటన్నిటి మధ్య తాత గొంతు విప్పి నామం అందుకునేవాడు. చాల్‌లో ఎవరికీ గడియారం అక్కర్లేదు. తాత దగ్గర దారానికి కట్టిన ఇత్తడి గుండు ఒకటి ఉండేది, గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి. ఇంట్లో దేవుడి పటం తగిలించినా దాంతోనే చూసేవాడు. ఒకసారి మా చిన్నాన్న కొత్తగా కుట్టించిన ప్యాంటు వేసుకుంటే, దాని పక్కనా గుండు వేలాడదీసి "ఎడమకు గుంజుతుందిరా" అని తేల్చాడు. పెళ్ళిచూపులకు వెళ్ళాల్సిన చిన్నాన్న ఆ రోజంతా కుడివైపు ఒరిగి నడిచాడు.

భజన మండలికి తాతే పెద్ద. ఏటా ఒకసారి సప్తాహం. ఏడు రోజులు నామం ఆగకూడదు, దీపం ఆరకూడదు, వీణ కింద పెట్టకూడదు. వీణ అంటే కచేరీల్లో ఒళ్ళో పెట్టుకునేది కాదు, భుజానికి తగిలించుకునే తంబుర. మరాఠీవాళ్ళ పక్కన బతికి మేమూ దాన్ని వీణ అనే అన్నాం. ఒకరు నిలబడి వీణ మోస్తూ, రెండో చేత్తో చిడతలు వాయిస్తూ నామం చెబుతుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. రెండు గంటలకొక వంతు. తర్వాతి మనిషి వచ్చి, కాళ్ళకు మొక్కి, భుజం నుండి భుజానికి మార్చుకోవాలి. వీణ ఎత్తుకున్నవాళ్ళకు ఎదురుగా ఎవరున్నా, వయసు ఎంతైనా, కాళ్ళకు మొక్కుతారు. ఆ మొక్కు మనిషికి కాదు, వీణకు. ఇక నియమాలు రెండు. ఎత్తుకునేవాళ్ళు పరగడుపున ఉండాలి. ఎత్తుకున్నాక దించేదాకా నామం తప్ప ఇంకో మాట నోట రాకూడదు. మగవాళ్ళు సైట్ల మీద, హోటళ్ళలో, ఆఫీసుల్లో పనికి పోతారు కాబట్టి పగటి వంతులన్నీ ఆడవాళ్ళవే.

పదో తరగతి నుండి ఆ వంతుల కాగితం రాసే పని నాది. ఎవరికి ఏ షిఫ్టు, ఎవరి పిల్లవాడికి జ్వరం, ఎవరు ఎవరితో మాట్లాడరు కాబట్టి ఒకరి తర్వాత ఒకరిని వెయ్యకూడదు, అన్నీ చూసుకుని రాయాలి. ఈ రోజు కంపెనీ నాకు జీతమిచ్చేది అచ్చంగా ఇదే పనికి. అక్కడ దేవుడికి ఊరికే చేశాను, అంతే తేడా.

కంప్యూటర్ సంగతి కూడా చెప్పాలి. గ్రాంట్ రోడ్ దగ్గర ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఒక కంప్యూటర్ కొన్నారు. చూడటానికి వెళ్ళాను. గది బయట చెప్పులు విడవమన్నారు. లోపల చల్లగా ఉంది. పీట లాంటి బల్ల మీద అది కూర్చుని ఉంది, పైన పట్టుగుడ్డ కప్పి. తీయడానికి ఒక్క మాస్టారికే అధికారం. ఆయన గుడ్డ తీసి, దణ్ణం పెట్టి, మీట నొక్కితే తెర మీద పచ్చటి వెలుగు వచ్చింది. అందరం ఒక అడుగు వెనక్కి జరిగాం. చెప్పులు విడిచి వెళ్ళేచోట తప్పు ఉండదని నాకు పెంపకంలోనే వచ్చిన నమ్మకం. చదివితే ఇదే చదవాలి అనుకున్నాను.

పన్నెండో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. మాటుంగా వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుండి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండింటికి స్వయంగా హాజరు కావాలి, పేరు పిలిచినప్పుడు లేకపోతే సీటు తర్వాతివాళ్ళకు పోతుంది అని. ఆ రోజు సప్తాహంలో పడింది. కాగితం అప్పటికే రాసేశాను. నా వంతు ఎనిమిది నుండి పది, తర్వాత పది నుండి పన్నెండు బాలమ్మ అత్త. బాలమ్మ అత్త ఆస్పత్రిలో ఆయా. డ్యూటీకి ఆలస్యంగా పోతుందేమో గానీ దేవుడి పనికి ఎన్నడూ ఆలస్యం కాలేదు. పదింటికి దించి, పదిన్నరకు బండెక్కితే, పదకొండున్నరకు కాలేజీలో ఉంటాను. లెక్క సరిగ్గానే ఉంది.

చదువు గురించి తాతకు ఒకటే మాట. "ఇంజనీరైతే సివిల్ ఇంజనీరే. నలభై ఏండ్లు నేను లేపిన గోడలు ఎవడెవడో వచ్చి వంకర అన్నడు. ఒక్కసారన్న మన ఇంటి పిల్ల వచ్చి, తాతా ఇది వంకర ఉన్నది అనాలె. పడతా." ఆ కోరిక ముందు కంప్యూటర్ అనే మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. వెళ్ళాక అక్కడ చెప్పొచ్చులే, తాత ఎలాగూ రాడు కదా అనుకున్నాను.

ఆ ఏడు ఏకాదశి రెండు రోజులు పడింది. అప్పుడప్పుడు అలా పడుతుంది. ఇంటివాళ్ళకు మొదటి రోజు, భాగవతులకు రెండో రోజు అంటారు. "మనం భజన చేసేటోళ్ళం, మనది రెండోది" అని తాత తీర్పు చెప్పాడు. ఎవరికి చెప్పాడంటే నాకు, డోలక్ వాయించే ఎల్లయ్య మామకు. చాల్ మొత్తానికి చెప్పాననే అనుకున్నాడు. కాగితంలో తారీఖులు వేద్దామని నేనంటే, "దేవుని పనికి ఇంగ్లీషు తారీఖులేందే? తిథి రాయి" అన్నాడు. రాశాను, రెండు రోజుల గళ్ళ మీదా ఏకాదశి అనే. ఇక చాల్‌లో ఆడవాళ్ళందరూ అలవాటు ప్రకారం మొదటి రోజే ఉపవాసం ఉన్నారు. మా అవ్వ కూడా. బాలమ్మ అత్త ఆ రోజే పదింటికి తలస్నానం చేసి వచ్చి, "ఏకాదశి వంతు నాది గదా" అని వీణ అడిగి తీసుకుంది. ఆ పూట వంతు ఉన్నామె సంతోషంగా ఇచ్చేసి గుడ్డలు ఉతుక్కోవడానికి పోయింది. బాలమ్మకు ఎంత భక్తి, తనది కాని వంతు కూడా మోస్తోంది అని నేను కళ్ళు తుడుచుకున్నాను. కాగితం మాత్రం తెరిచి చూసుకోలేదు.

మర్నాడు పదయింది. బాలమ్మ అత్త లేదు. పది దాటి పావుగంట. ఎవరో పైకి కేకేస్తే మూడో అంతస్తు వరండాలోంచి ఆమె కోడలు తొంగిచూసింది.

"అత్తమ్మ డ్యూటీకి పాయె. నా వంతు నిన్ననే అయిపాయె, బరువు దిగింది అనుకుంట పోయింది!"

అప్పుడు అందరికీ అర్థమయింది. ఎల్లయ్య మామ డోలక్ వాయిస్తూనే అడిగాడు, "ఇప్పుడు పరగడుపున ఎవరున్నరు?" నిన్న ఉపవాసం ఉన్నవాళ్ళంతా, మధ్యాహ్నం వంతులవాళ్ళతో సహా, పొద్దున్నే పారణ చేసి కడుపునిండా తిన్నారు. వెనకనుండి ఒకామె త్రేన్పే జవాబయింది. ఎల్లయ్య మామ సంగతి అడగనే అక్కర్లేదు, ఉపవాసం అన్న మాట వింటేనే ఆయనకు ఆకలి వేసేది. అందరి కళ్ళూ తాత వైపు తిరిగాయి. తాత రెండు ఏకాదశులూ పట్టాడు, నిన్న అందరితో, ఇవాళ తన తీర్పు ప్రకారం. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదని అవ్వ చాల్ అంతా చెప్పుకుంది. తాత మాత్రం మోకాలు పట్టుకుని, "నిలబడలేనురా, మోకాలు గుంజుతుంది" అన్నాడు. ముందురోజే ఆ మోకాలితో నాలుగంతస్తుల పరంజా ఎక్కి దిగిన మనిషి.

ఇక నా సంగతి. నోట నామం తప్ప రాకూడదు. గోడ గడియారం వైపు చూస్తూ నామం గట్టిగా అన్నాను. ఎవరికీ పట్టలేదు. ఇంకా గట్టిగా అని, కళ్ళు పెద్దవి చేసి, చిడతలతో గడియారం వైపు చూపించాను. "పిల్లకు ఉప్పొంగింది" అని ఎల్లయ్య మామ తాళం పెంచాడు. అందరూ చేతులెత్తి ఊగటం మొదలుపెట్టారు. నా కళ్ళలో నీళ్ళు చూసి ఇద్దరు ముసలమ్మలు వచ్చి కాళ్ళకు మొక్కారు. చివరికి దీపంలో నూనె పోస్తున్న అవ్వ తలెత్తి చూసి అరిచింది.

"అది భక్తి గాదురో! దానికి కాలేజీ టైమైతుంది! పన్నెండింటికి లేకపోతే సీటు పోతది!"

తాత లేచి నిలబడ్డాడు. మోకాలు సంగతి మర్చిపోయాడు. "నామం ఆగొద్దన్నరు పెద్దలు. కదలొద్దని ఎవరన్నరు? పండరికి ఈ వీణతోనే నడుచుకుంట పోతరు గదా. నడువుండ్రి."

"దీపం కాడ నేనుంట. నామం మీరు తీస్కపొండ్రి" అంది అవ్వ, నా సర్టిఫికెట్ల సంచి తాత మెడలో వేస్తూ.

అలా ఆరుగురం బయల్దేరాం. ముందు నేను, పక్కన తాళాలతో తాత, వెనక డోలక్‌తో ఎల్లయ్య మామ, అందుకోవడానికి ముగ్గురు ఆడవాళ్ళు. ఫోరస్ రోడ్‌లో రాత్రంతా గిరాకీల కోసం నిలబడి, ఇప్పుడు గడపల్లో కూర్చుని తల ఆరబెట్టుకుంటున్న ఆడవాళ్ళు లేచి కొంగు కప్పుకున్నారు. ఒకామె పరుగున వచ్చి నా కాళ్ళకు మొక్కి, ఎవరైనా ఏమంటారో అన్నట్టు తాత వైపు చూసింది. తాత తాళాలు ఆపకుండానే ఆమెకు తల వంచాడు. నేను ఎన్నో ప్రవచనాలు విన్నాను. భక్తి గురించి నాకు తెలిసింది మాత్రం ఎక్కువ భాగం ఆ తల వంపులోదే.

గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో ఆడవాళ్ళ డబ్బాలో తాత ఎక్కలేడు, మగవాళ్ళ డబ్బాలో వీణతో నేను దూరలేను. మిగిలింది సామాన్లు వేసే లగేజీ డబ్బా. తలుపు దగ్గరకు పోయేసరికి లోపలంతా చేపల గంపలు, వాటి మీద చేతులేసుకుని చేపలమ్మే కోళీ ఆడవాళ్ళు. ఎల్లయ్య మామ ముక్కు మూసుకున్నాడు.

"మామా, ఏకాదశి నాడు చేపలల్లనా?"

"మొదటి అవతారం ఏందిరా?" అన్నాడు తాత. "ఎక్కు."

లోపలికి పోగానే ఆ ఆడవాళ్ళు వీణను చూసి గంపలు జరిపి చోటు చేశారు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవని దూరం నుండే దణ్ణం పెట్టి, నామం అందుకున్నారు. మా ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు ఒకవైపు, వాళ్ళ గొంతులు ఒకవైపు. బజారులో అరిచి అరిచి పదునెక్కిన గొంతుల ముందు మావాళ్ళు ఎంత? మహాలక్ష్మి దాటేసరికి మా మండలి ఓడిపోయింది. నిలబడ్డవాళ్ళు పట్టుకునే పైకప్పు పిడులకు వీణ మెడ తగిలి టంగుమన్నప్పుడల్లా డబ్బా అంతా జయ జయ అనేది. దిగేటప్పుడు ఒకావిడ ప్రసాదంగా గుప్పెడు ఎండు రొయ్యలు తాత చేతిలో పెట్టబోయి, నాలుక కరుచుకుని వెనక్కి తీసుకుంది. తాత ఆ చేతికే మొక్కాడు.

కాలేజీ గేటు దగ్గర కాపలావాడు బాజా భజంత్రీలు లోపలికి రావన్నాడు. తాత ఉత్తరం చూపించాడు. అతను ఉత్తరం చూసి, వీణ చూసి, "కొంచెం మెల్లగా" అన్నాడు. మెల్లగా అంటే ఎంత మెల్లగానో మాకు తెలియదు. తాళాలకు తువ్వాలు చుట్టాం. ఎల్లయ్య మామ డోలక్‌ను వేలి చివరలతో తట్టాడు. హాల్లో రెండు వందల మంది తల్లిదండ్రులు ఫైళ్ళు పట్టుకుని పరీక్ష రాసేవాళ్ళలా బిగుసుకుని కూర్చుంటే, మేం ఆరుగురం ఒక మూల నిలబడి గుసగుసగా నామం చెప్పాం. గుసగుసగా భజన చేసినవాళ్ళు లోకంలో మేమే అయ్యుంటాం.

పేరు పిలిచారు. బల్ల వెనక గుమాస్తాకు యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు. మరాఠీలో అడిగాడు, "అమ్మాయీ, పేరు?"

నేను నామం చెప్పాను.

"దేవుడి పేరు కాదు, నీ పేరు."

"యాదమ్మ" అన్నాడు తాత, తనకొచ్చిన మరాఠీలో. "వీణ మీద ఉన్నది సాహెబ్, మాట్లాడొద్దు."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "మరి ఏ బ్రాంచి కావాలి? సివిల్ ఉంది, మెకానికల్ ఉంది, కంప్యూటర్‌లో ఒక్కటి మిగిలింది. ఇది తనే చెప్పాలి. సంతకం తనే పెట్టాలి."

"సివి..." అని తాత నోరు తెరిచాడు. నేను ఎంత గట్టిగా నామం అన్నానంటే గుసగుస భజన అక్కడితో ముగిసిపోయింది, హాలంతా తిరిగి చూసింది. ఒక్క మాట చాలు. కంప్యూటర్ అని ఒక్క మాట. కానీ ఐదు రోజులుగా ఇన్ని గొంతులు ఆపకుండా తెచ్చిన నామం నా ఒక్క మాటతో తెగుతుంది. అప్పటి నా వయసులో ఆ రెండింటిలో ఏది పెద్దదో నాకు తెలుసు. తెలిసినందుకే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నామం చెప్పాను.

గుమాస్తా తాత వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఒక్క ఐదు నిమిషాలు వీణ మీరు పట్టుకోండి. పిల్ల మాట్లాడుతుంది."

తాత తల దించుకున్నాడు. తాళాల మీది తువ్వాలు విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఇక ఆ వచ్చిన మరాఠీలోనే అనక తప్పలేదు.

"నేను పట్టొద్దు సాహెబ్. పొద్దున ఇరానీ హోటల్ల మస్కాపావ్ తిన్న. నిన్నంతా ఉన్న. ఇయ్యాల లేస్తనే కండ్లు తిరిగినయి. ఒక్కటి తిందామని పోయిన." అబద్ధం మిగలకూడదనేమో, ఇంకో మాట కలిపాడు. "రెండు తిన్న."

ఎల్లయ్య మామ డోలక్ మీద చెయ్యి ఆగబోయి, ఆగలేదు. ముగ్గురు ఆడవాళ్ళూ ఎటో చూస్తూ నామం అందుకున్నారు. ఏడు రోజుల నియమాలు మాకందరికీ నేర్పిన మనిషి, రెండు వందల మంది ముందు, వెన్న రాసిన ఆ రెండు పావురొట్టెల లెక్కతో సహా తప్పు ఒప్పుకున్నాడు.

గుమాస్తా లేచాడు. మూలనున్న కూజా నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు, చెప్పులు విడిచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చేటప్పుడు చొక్కా కాలర్ కింద తులసిమాల కనిపించింది. "ఇవాళ మాకూ ఏకాదశే" అని, సీటు కోసం వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్ల కాళ్ళకు వంగి మొక్కి, వీణ భుజానికెత్తుకుని నామం అందుకున్నాడు. మా వరస కాదు, వాళ్ళ ఊరి వరస. ఎంత చక్కటి గొంతో!

నా నోరు నాకు తిరిగి వచ్చింది. "కంప్యూటర్" అన్నాను. గొంతు బొంగురుపోయింది.

తాత నన్ను చూశాడు. "అదేందే? దాంట్ల ఏం కడ్తరు?"

"తెల్వదు తాతా."

"సివిల్ వద్దా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన గుమాస్తాకు తెలుగులోనే చెప్పాడు. "ఇయ్యాల నాకు మాట్లాడే అర్హత లేదు. పిల్ల చెప్పిందే రాసుకొండ్రి." గుమాస్తాకు తెలుగు రాదు, ఆయన ఇప్పుడు మాట్లాడనూ కూడదు. నామం ఆపకుండానే చిడతలతో కాగితంలో మూడు చోట్ల చూపించాడు. మూడు చోట్లా సంతకం పెట్టాను.

వీణ తిరిగి తీసుకుని చాల్‌కు చేరేదాకా నాకు మళ్ళీ మాట లేదు. తాతకు చెప్పాల్సినవి ఎన్నో నోటి దాకా వచ్చి నామంలో కలిసిపోయాయి. ఈ రోజుల్లో మా ఆఫీసులో ఎవరి షిఫ్టులో తప్పు జరిగిందో తేల్చడానికి పెద్ద మీటింగు పెడతారు, పది పేజీల రిపోర్టు రాస్తారు. అన్ని పేజీల్లో "నేను తిన్న" అనే ఒక్క వాక్యం నాకు ఇంతవరకు కనపడలేదు. మా ఆఫీసు పిల్లలకు అన్నీ నేర్పాను, తారీఖు రాయడం మరీ గట్టిగా నేర్పాను. ఆ వాక్యం ఎలా నేర్పాలో తెలియక, ప్రతి మీటింగుకు ముందు కళ్ళు మూసుకుని పాండురంగణ్ణి తలుచుకుంటాను.

రెండు గంటలకు బాలమ్మ అత్త డ్యూటీ నుండి ఉరుకుతూ వచ్చింది. సంగతి తెలిసి దారిలోనే ఏడ్చిందట. పొద్దున పారణ కూడా చెయ్యకుండా డ్యూటీకి పోయి, ఆస్పత్రి గొడవలో చాయ్ కూడా తాగలేదు కాబట్టి తలస్నానం చేసి వీణ అందుకుంది. నాకు మాట తిరిగిరాగానే తాత కోసం వెతికాను. భజన గది గోడకు ఒరిగి, కాళ్ళు చాపుకుని, ఆయన గాఢంగా నిద్రపోతున్నాడు. దగ్గరకు పోబోతే అవ్వ చెయ్యి పట్టి ఆపింది.

"లేపకే, పాపం. రెండు దినాలాయె ముద్ద ముట్టక. గింత నిష్ఠ ఎవరికుంటది?"

నేను ఎల్లయ్య మామ వైపు చూశాను. ఆయన ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆడవాళ్ళు దీపం వైపు చూశారు.

"ఎవరికుంటది, అవ్వా" అన్నాను.

అవ్వ ఇంకో పదిహేనేళ్ళు బతికింది. ఆ నిష్ఠ గురించి చాల్‌లో ఆమె చెప్పని మనిషి లేడు. కాలేజీకి వెళ్ళిన ఆరుగురిలో ఒక్కరమూ ఆమె మాటకు అడ్డు రాలేదు.